బోర్డ్‌వాక్ కొన్నవాడిదే రాజ్యమా?

సంక్రాంతి దగ్గరపడితే చాలు, కోనసీమ ఫ్యామిలీ గ్రూపుల్లో కోడిపందాల వీడియోల మధ్య స్థలాలు కొని అద్దెలు వసూలు చేసే బోర్డు ఆట మోనోపలీ గురించి ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. "మోనోపలీలో గెలవాలంటే అన్నిటికన్నా ఖరీదైన బోర్డ్‌వాక్, పార్క్ ప్లేస్ కొనండి. వీలైనంత త్వరగా హోటళ్లు కట్టండి. జైల్లో పడితే వెంటనే డబ్బు కట్టి బయటపడండి. అక్కర్లేని స్థలాలు వదిలేసి డబ్బు దాచుకోండి" అని. ఇది నమ్మినవాళ్లు భోగి మధ్యాహ్నానికే దివాలా తీస్తున్నారు.

ముందు ఖరీదైన స్థలాల సంగతి చూద్దాం. అంకెలు పాత డాలర్ల బోర్డువి. నారింజ రంగు సెట్టులో (సెట్టంటే ఒకే రంగు స్థలాల గుంపు) సెయింట్ జేమ్స్ 180, టెనెసీ 180, న్యూయార్క్ 200. ఇల్లు 100కే వస్తుంది. అంటే 1460 పెడితే మూడు స్థలాలూ కొని, మూడేసి ఇళ్లు కట్టేయొచ్చు. అద్దెలు 550, 550, 600. అదే 1460 బోర్డ్‌వాక్, పార్క్ ప్లేస్ ఉన్న నీలం సెట్టులో పోస్తే? స్థలాలకే 750 పోతుంది. ఇల్లు 200 కాబట్టి మిగిలినదాంతో మూడంటే మూడే ఇళ్లు. బోర్డ్‌వాక్ మీద రెండు వేస్తే 600, పార్క్ ప్లేస్ మీద ఒకటి వేస్తే 175. హోటల్ పడ్డాక బోర్డ్‌వాక్ అద్దె 2000 అన్నది నిజమే, కానీ అక్కడిదాకా మన దగ్గర డబ్బుండాలి కదా!

పైగా ఆటగాళ్లు ఎక్కువగా చేరే గడి జైలు. అక్కడి నుంచి 6, 8, 9 పడితే నారింజ స్థలాలే. రెండు పాచికలు 36 రకాలుగా పడితే అందులో 14 ఇవే. రాజమండ్రి సెంట్రల్ జైలు గేటెదురుగా టీ కొట్టు పెట్టుకున్నట్టన్నమాట. నీలానికి ముందేమో "జైలుకు పో" గడి కాచుకుని ఉంటుంది. బోర్డ్‌వాక్‌కి పంపే ఛాన్స్ కార్డు ఒకటుంది, పార్క్ ప్లేస్‌కి ఆ అదృష్టమూ లేదు.

హోటళ్ల తొందర కూడా దండగే. సెయింట్ జేమ్స్‌లో రెండో ఇంటికి 200 ఉన్న అద్దె మూడో ఇంటితో 550కి ఎగబాకుతుంది. ఆ తర్వాత ప్రతి 100కీ పెరిగేది 200 మాత్రమే. ఇంకో కిటుకుంది. బ్యాంకులో ఇళ్లు 32 మాత్రమే. హోటల్ కడితే నాలుగు ఇళ్లు వెనక్కి వెళ్లి ఎదుటివాడికి దొరుకుతాయి. కట్టకుండా మూడేసి స్థలాలున్న రెండు సెట్లలో స్థలానికి నాలుగేసి ఉంచితే 24 మన దగ్గరే. మిగతా 8తో వాళ్లు కొట్టుకోవాలి. "ఇళ్లు అయిపోయాయండి" అని బ్యాంకు పిల్లాడు అంటే పెదబావ మొహం చూడాలి. "ఏంట్రా ఇది, కొత్త రూలా?" అంటారు. "ఆయ్, పాతదే బావా!"

జైలు మాట సగం కరెక్టు. మొదట్లో, స్థలాలు మిగిలున్నప్పుడు 50 కట్టి బయటపడాలి. బోర్డంతా ఇళ్లు లేచాక మాత్రం లోపలే హాయి. అద్దెలు వస్తూనే ఉంటాయి, మనం ఎవరికీ కట్టక్కర్లేదు.

ఇక డబ్బు దాచుకోవడం. ఆగిన స్థలం కొనకపోతే బ్యాంకు అప్పటికప్పుడే వేలం వేయాలి, వద్దన్నవాడు కూడా పాడుకోవచ్చు. చాలా ఇళ్లల్లో ఈ రూలు ఎగ్గొడతారు, అందుకే ఆట రాత్రి భోజనాలదాకా సాగుతుంది. వేలం ఉన్నచోట వదిలేసిన స్థలం చవగ్గా పక్కవాడి చేతిలో పడి, వాడి సెట్టు పూర్తవుతుంది. వేలం పెట్టాలనుకుంటే పాచికలు వేయకముందే అందరిచేతా సరే అనిపించండి. మధ్యలో చెబితే మావయ్యలు ఒప్పుకోరు.