'అర్థమైందా?' గారికి, ఆరో తరగతి తరఫున

శ్రీయుత 'అర్థమైందా?' గారికి,

హనుమకొండ జిల్లా హైస్కూళ్ళ ఆరో తరగతి గదుల నుంచి నమస్కారాలు. పీరియడ్ అయిపోవడానికి రెండు నిమిషాల ముందు తమరు ఎలాగూ సార్ల నోట్లోంచి దయచేస్తారు కాబట్టి కవరు మీద చిరునామా రాయలేదు.

మొన్నటి సంగతి తమరికి గుర్తుండే ఉంటుంది. గురువారం పూర్ణసంఖ్యల పాఠం ముగిసింది, తమరు వచ్చారు, "అయ్యింది సాఆఆర్" అని గది దద్దరిల్లింది. శుక్రవారం స్లిప్ టెస్టు. −7, −3 లలో ఏది పెద్దది అంటే సగానికి పైగా పేపర్లలో −7. వాటిని దిద్దడానికి ఒక మధ్యాహ్నం పోయింది. అదే పాఠం మళ్ళీ చెప్పడానికి ఇంకో రెండు పీరియడ్లు పోతాయి. "మరి అర్థమైందని ఎందుకన్నర్రా?" అంటే వచ్చిన జవాబు: "అందరన్నరు సార్."

తమరి చుట్టాలు కూడా తక్కువేం కాదు. ఇంట్లో 'సమజైందా', ట్యూషన్లో 'క్లియరా', 2022-23లో సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చినప్పటి నుంచి 'అండర్‌స్టాండ్?'. పేర్లు వేరు, పని ఒకటే. ఔననిపించుకొని గంట కొట్టే లోపల బయటపడటం.

ఆరో తరగతి కష్టాలన్నీ తమరి నెత్తినే రుద్దడం లేదు. ఐదు దాకా ఊళ్ళో ప్రైమరీ బడి, ఒకరిద్దరు సార్లే అన్నీ చెప్పేవాళ్ళు, పిల్ల మొహం చూస్తే చాలు పాఠం ఎక్కిందో లేదో తెలిసిపోయేది. జూన్‌లో హైస్కూల్‌కు రాగానే గంట కొట్టినప్పుడల్లా మనిషి మారతాడు. ఆ సార్లకు పేర్లు గుర్తుపట్టేసరికే దసరా వస్తుంది. కొత్తగా హిందీ మొదలై, కుర్చీ ఆడది ఎట్లయిందో చెప్పేవాళ్ళు ఉండరు. బాత్రూమ్‌కు భయపడి పొద్దంతా నీళ్ళు తాగని ఆడపిల్లల గురించి వేరే ఉత్తరమే రాయాలి, అది తమరికి కాదు.

తమరితో పేచీ ఒక్కటే. తమరికి 'కాలేదు' అని జవాబు చెప్పే వీలు లేదు.

ఎట్లా లేదో విడమరిచి చెబుతాం. తమరి నోట్లోంచి మాట పూర్తిగా రాకముందే మొదటి బెంచీలో ఇద్దరు 'అయ్యింది' అంటారు. వాళ్ళకు నిజంగానే అయ్యింది. రెండో బెంచీ ఆ మాట అందుకుంటుంది, ఇక మిగిలినదంతా గొర్రెదాటు. అప్పటికే వెనక బెంచీల్లో బ్యాగుల జిప్పులు పడుతుంటాయి. ఇప్పుడు లేచినవాడికి ముందు సారు, వెనక నలభై మంది ఆకలి. సరిగ్గా ఆ క్షణంలో మూడో బెంచీ కిటికీ పక్కకు చూడండి. ఒక చేయి లేస్తుంది. చెవి దాకా వస్తుంది. అక్కడ ఆగి, ఊడని క్లిప్పును సర్దుకొని, కిందికి దిగిపోతుంది. తమరు రిజిస్టరు చంకన పెట్టుకొని వెళ్ళిపోతారు.

తమరు అసలు ఆగరండీ. 1970ల్లో అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ తరగతి గదుల్లో మాటలు రికార్డు చేసి చూశారు. ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సగటున ఒక సెకను. దాన్ని మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, నోరు విప్పనివాళ్ళూ విప్పారు. మూడు సెకన్లు! చాక్‌పీస్ దుమ్ము దులుపుకొనేంత సేపు.

ఇంతకీ పాఠంలో చిక్కెక్కడుందో తమరెప్పుడైనా చూశారా? సున్నాతో మొదలై 1, 2, 3 అని పోతే పూర్ణాంకాలు. వాటికి −1, −2 కలిస్తే పూర్ణసంఖ్యలు. రెండు పేర్ల మధ్య తేడా పట్టాలంటే పదకొండేళ్ళ పిల్ల చెవి ఒగ్గి వినాలి. పైగా మైనస్‌కు ఒకే గీత, రెండు పనులు. ఒకచోట తీసివేయమంటుంది, ఇంకోచోట సున్నాకు ఎడమ పక్కన ఉన్నానంటుంది. ఐదేళ్ళుగా 3 కన్నా 7 పెద్దదని నేర్చిన పిల్ల −7ని పెద్దది అనక ఏమంటుంది? ఆ తర్వాత 'మైనస్ మైనస్ ప్లస్' అని పాట నేర్పిస్తారు, −5 −3 ఎంతంటే పిల్లలు 8 అని రాస్తారు. ఆ సూత్రం గుణకారంలోది, ఇక్కడ పనికిరాదని ఎవరు చెప్పాలి?

ఇది చెప్పడానికి కిరాణా దుకాణం ఉద్దెర, అంటే అప్పు, చాలు. ఏడు రూపాయల ఉద్దెర ఉన్నోడు, మూడు రూపాయల ఉద్దెర ఉన్నోడు, ఎవడు నయం? మూడు రూపాయలోడే కదా, అందుకే −3 పెద్దది. ఐదు ఉద్దెర మీద ఇంకో మూడు పెడితే −8. ఐదు ఉద్దెరలోంచి మూడు కొట్టేస్తే, అంటే −5 −(−3), మిగిలేది −2. ఉద్దెర అనే మాట ఇంట్లో అందరికీ తెలుసు, బడిలో మాత్రం నోట్లోంచి రాదు. సెప్టెంబర్ 9న కాళోజీ జయంతికి తెలంగాణ భాషా దినోత్సవం చేసి, దండలేసి, ఉపన్యాసాలిస్తాం. 10న ఎవరన్నా "సమజ్ కాలే సార్" అంటే "సక్కగా మాట్లాడు" అంటాం.

అయినా ధైర్యం చేసి ఒకడు లేచాడనుకోండి. తమరి తమ్ముడు రెడీగా ఉంటాడు: "ఇంతసేపు చెప్పింది గోడకా?" పిల్లల్ని కొట్టడమే కాదు, మనసు నొప్పించి వేధించడమూ కూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ అంటుంది. బెత్తం పోయింది, గోడ మిగిలింది. ఇంక మర్యాదెందుకు? నువ్వు ప్రశ్నవే కాదు. సిలబస్ అయిపోయిందని పిల్లలతో పెట్టించుకొనే వేలిముద్రవు. ఏడాదంతా వేలిముద్రలేయించుకొని, మార్చిలో "పిల్లలకు బేసిక్స్ లేవు" అని స్టాఫ్ రూములో చాయ్ తాగుతూ అనేది కూడా నువ్వే!

పిల్లలకు మేం ఏం చెబుతున్నామో నీకు తెలిసినా పర్వాలేదు. మొత్తం అర్థం కాలేదని అనొద్దు. అలా అంటే సారుకు కోపం, నీకు సిగ్గు. ఎక్కడిదాకా అయ్యిందో చెప్పు: "మూడో లైను దాకా సమజైంది సార్, నాలుగో లైనులో మైనస్ ప్లస్ ఎట్లయింది?" లేచాక మాటలు మాయమవుతాయి, కాబట్టి లేవకముందే ఆ ప్రశ్నను నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకో, లేచి చదువు. కాళ్ళు వణికితే బెంచీ పట్టుకో, ఎవరికీ కనిపించదు. గంట కొట్టే దాకా ఆగొద్దు, సారు బోర్డు తుడవబోయేటప్పుడే అడుగు, అప్పుడింకా లెక్క అక్కడే ఉంటుంది. మొదటి డౌటు జూన్‌లోనే అడగాలి. ఆగస్టు దాకా మూగగా కూర్చున్నవాడు ఆ తర్వాత లేస్తే తరగతంతా తిరిగి చూస్తుంది.

సార్లకూ ఒక మాట. నీ బదులు పావు కాగితం చిట్టీలు పంచమన్నాం. పేరు రాయక్కర్లేదు, ఒకటే లెక్క, రెండు నిమిషాలు. లేదంటే కళ్ళు మూయించి వేళ్ళు ఎత్తించమన్నాం: అర్థమైతే మూడు, సగమైతే రెండు, కాకపోతే ఒకటి. కళ్ళు మూస్తే గొర్రెదాటు ఉండదు. మొదటిరోజు ఒంటి వేళ్ళు చూసి గుండె గుభేల్‌మంటుంది, అంతే.

నిన్ను పూర్తిగా బడి నుంచి వెళ్ళగొట్టాలని కూడా లేదు. గంట కొట్టాక, అందరూ అన్నం ప్లేట్లతో ఉరికాక, ఒక సారు కిటికీ పక్క బెంచీ మీద మోచేతులు ఆనించి "అర్థమైందా బిడ్డా?" అన్నప్పుడు అదీ నువ్వే. అప్పుడు ఆ పిల్ల క్లిప్పు సర్దుకోలేదు. "కాలే సార్" అంది, ఏడు మీద వేలు పెట్టి చూపించింది.

రేపు మూడో పీరియడ్ మళ్ళీ పూర్ణసంఖ్యలే. వస్తే అట్లా రా.

ఇట్లు,
ఆరో తరగతి తరఫున