సవరణ: క్యూబ్ షెల్ఫ్ బుట్టల కొలత
మొన్న నేను 13 అంగుళాల బుట్ట కొంటే చదరపు గడులుండే ఏ క్యూబ్ షెల్ఫ్‌లోనైనా పడుతుందని రాశాను కదా, అది తప్పు. మా షెల్ఫ్‌కి టేపు పెట్టినప్పుడు చెక్క మధ్య నుంచి చెక్క మధ్యకి కొలిచాను. ప్లైవుడ్ మందం 18 మిల్లీమీటర్లు, అంటే 13 అంగుళాల్లో (33 సెంటీమీటర్లలో) అది పోగా గడి లోపల మిగిలింది 31.2 మాత్రమే. తెచ్చిన వెదురు బుట్ట అంచు దగ్గరే పట్టేసింది, గట్టిగా తోస్తే పిడి తగిలి లామినేట్ మీద గీత పడింది (మా ఆవిడ వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది).

ఐకియా కల్లాక్స్ షెల్ఫ్‌కైతే 13 సరే. దాని గడి 33 సెంటీమీటర్లు, వాళ్ల డ్రోనా గుడ్డ డబ్బా వెడల్పూ అంతే, గుడ్డ కాబట్టి ఒదుగుతుంది. వెదురు, పేము, గట్టి ప్లాస్టిక్ ఒదగవు, అందుకని గడి లోపలి కొలత కంటే కనీసం ఒక సెంటీమీటరు తక్కువది తీసుకోండి, అదీ అడుగున కాదు, మూతి దగ్గర పిడులతో కలిపి కొలవండి, చాలా బుట్టలు పైకి వెళ్లేకొద్దీ విచ్చుకుంటాయి. 11 అంగుళాల గడులున్న షెల్ఫులు కూడా దొరుకుతున్నాయి, వాటిలో 13ది అసలు దూరదు.

మా బుట్టలో ప్రస్తుతం ఉల్లిపాయలున్నాయి.