ఎగిరే తెల్లదోమ వెంట పరుగెందుకు?

టమాటా మొక్కను కాస్త కదిపితే చాలు, తెల్లని పొడి ఎగజిమ్మినట్టు దోమ లేస్తుంది. చూసినవారి చెయ్యి వెంటనే స్ప్రేయర్ మీదికి పోతుంది. రసాయనాలు వద్దనుకున్నవారు వేపనూనె, సబ్బునీళ్లు కలుపుకుంటారు. సీసా మారింది, పద్ధతి పాతదే. వారం తిరగ్గానే మళ్లీ పిచికారీ, అవసరం ఉందా లేదా అన్న ఆలోచనే ఉండదు. సహజ నియంత్రణ అని మనం మురిసిపోతున్నది చాలా తోటల్లో ఇదే.

తెల్లదోమ పేనుబంకకు, పిండినల్లికి దగ్గరి చుట్టం. ఒక్కో ఆడపురుగు 100 నుంచి 300 దాకా గుడ్లు పెడుతుంది. వెచ్చని వాతావరణంలో గుడ్డు రెక్కల పురుగు కావడానికి సుమారు మూడు వారాలు చాలు. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు కొద్ది దూరం పాకి, ఆకు అడుగున పొలుసులా అతుక్కుపోతుంది. ఇక అక్కడే కదలకుండా రసం పీలుస్తుంది. కళ్ల ముందు ఎగిరే గుంపు మందలో కొంత భాగమే. మిగతాదంతా ఆకు కింద ఉంది.

కాబట్టి మందు కలిపే ముందు భూతద్దం తీసుకుని ఆకు తిప్పి చూడాలి. చిగురాకుల కింద రెక్కల పురుగులు, గుడ్లు ఉంటాయి. కిందికి వచ్చేకొద్దీ ముదిరిన పొలుసులు, ఖాళీ తొడుగులు కనిపిస్తాయి. ఆ తొడుగులే అసలు కథ చెబుతాయి. తొడుగు ‘టి’ అక్షరంలా చీలి ఉంటే అందులోంచి తెల్లదోమ వెళ్లింది. గుండ్రని రంధ్రం ఉంటే తెల్లదోమను లోపలే తినేసి ఒక చిన్న కందిరీగ బయటపడింది. ఎన్‌కార్సియా వంటి ఈ కందిరీగలు మిల్లీమీటరు పొడవు కూడా ఉండవు, మనుషులను కుట్టవు. గుండ్రని రంధ్రాలు, లోపల కందిరీగ పెరుగుతూ నల్లబడిన పొలుసులు ఎక్కువగా ఉన్న తోటలో చేతులు కట్టుకుని కూర్చోవడమే మంచి వ్యవసాయం.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1926లో ఇంగ్లండ్‌లోని టమాటా గాజు ఇళ్లలో కనిపించిన నల్లని పొలుసులను చెషంట్ పరిశోధన కేంద్రంలో పరిశీలించి, ఎన్‌కార్సియాను పెంచి రైతులకు పంచారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ వంటి మందులు రాగానే ఆ కందిరీగను అందరూ మరిచిపోయారు. మందులకు లొంగని తెల్లదోమ పుట్టుకొచ్చాక, 1970లలో మళ్లీ దాన్నే ఆశ్రయించారు.

కింది ఆకులు తుంచి పారేయమన్న సలహా అందుకే నాకు నచ్చదు. ఇంకా బయటికి రాని కందిరీగలు ఎక్కువగా ఉండేది ఆ ఆకుల మీదే. తుంచినా, రెండు రోజులు మొక్క మొదట్లోనే ఉంచితే అవి బయటపడే అవకాశం ఉంటుంది.

పిచికారీ అసలే వద్దని కాదు. సబ్బు ద్రావణం ఒకటి, రెండు శాతానికి మించకుండా, తెల్లవారుజామున పురుగు మందకొడిగా ఉన్నప్పుడు, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. తగిలిన పురుగే చస్తుంది. ఆరిపోయాక దాని ప్రభావం ఉండదు. గుడ్లు చాలావరకు బతికిపోతాయి కనుక ఐదారు రోజులకు మళ్లీ చూసుకోవాలి. బట్టల డిటర్జెంట్ మాత్రం వాడకూడదు, ఆకులు మాడిపోతాయి. వేపనూనె నెమ్మదిగా పనిచేస్తుంది. మర్నాటికల్లా ఫలితం రాలేదని మోతాదు పెంచేవారిని చూస్తే జాలి కలుగుతుంది.

పసుపు జిగురు అట్టలు ఉధృతిని అంచనా వేయడానికి ఉపయోగం, అదుపు చేయడానికి అంతగా కాదు. పైగా మేలు చేసే కందిరీగలూ వాటికే అంటుకుంటాయి. బంతి మొక్కలు తెల్లదోమను దూరం పెడతాయన్న మాట కొంత నిజం. 2019లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గాజు ఇళ్లలో టమాటాల మధ్య మొదటి నుంచీ బంతి పెంచితే, అది వెలువరించే లిమోనీన్ అనే వాసన పదార్థం తెల్లదోమను నెమ్మదింపజేస్తుందని చూపారు. దోమ ముసురుకున్నాక నాటితే మాత్రం అంత ఫలితం లేదు. నత్రజని ఎక్కువ వేసి లేత ఆకులు దట్టంగా పెంచితే తెల్లదోమకు మనమే విందు పెట్టినట్టు. చీమల సంగతీ చూసుకోవాలి. తెల్లదోమ విసర్జించే తీపి జిగురు కోసం అవి కాపలా కాసి, దాన్ని తినే అక్షింతల పురుగులను తరిమేస్తాయి.

అయితే ఒక చోట ఈ ఓపిక పనికిరాదు. టమాటాలో ఆకుముడత, బెండలో పల్లాకు తెగులు తెల్లదోమ మోసుకొచ్చే వైరస్‌ల వల్ల వచ్చేవే. వైరస్ ఉన్న పురుగు ఒక్క అరగంట రసం పీల్చినా మొక్కకు అంటించగలదు. అంత తక్కువ సమయంలో కందిరీగ ఏమీ చేయలేదు, వేపనూనె కూడా అంతే. ఇక్కడ మిగిలిన దారి అడ్డుగోడే: నారుమడి మీద అంగుళానికి 50 రంధ్రాలున్న సన్నని వల, అదీ విత్తనం వేసిన రోజు నుంచే. తెగులు సోకిన మొక్కను పీకడంలోనూ తొందర పనికిరాదు. ఊపి లాగితే దాని మీది దోమ వైరస్‌తో సహా పక్క మొక్కల మీదికి లేస్తుంది. ముందు సబ్బునీళ్లతో తడిపి, సంచి కప్పి, ఆ తర్వాతే వేళ్లతో సహా తీసేయాలి.