ఒక్క లైన్ కోడ్‌తో స్క్రీన్ క్యాప్చర్ ఆగదు

"ఒక్క లైన్ కోడ్‌తో మీ డెస్క్‌టాప్ యాప్‌ని స్క్రీన్‌షాట్ ప్రూఫ్ చేసుకోండి" అనే మెసేజ్ మళ్లీ గ్రూపులన్నీ చుట్టేస్తోంది. ఒకసారి కూడా పరీక్షించి చూడకుండానే పక్కవాళ్లకి తోసేస్తున్నారు. అందులో ఉన్నవి ఐదు మాటలు. ప్రింట్‌స్క్రీన్ కీ బ్లాక్ చెయ్యండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ నడుస్తుంటే యాప్ మూసెయ్యండి. విండోస్‌లో విండోని క్యాప్చర్‌లో పడకుండా దాచే సెట్‌విండోడిస్‌ప్లేఅఫినిటీ ఫంక్షన్‌ని పిలవండి. వెబ్ కోడ్‌తో డెస్క్‌టాప్ యాప్‌లు చేసే ఎలక్ట్రాన్‌లో రాస్తే మాక్, లైనక్స్‌లకూ అదే సరిపోతుంది. ఇవన్నీ చేశాక వాటర్‌మార్కూ (పేజీ మీద లేతగా పడే గుర్తు), సర్వర్‌లో మాస్కింగూ (వివరాల్లో కొంత భాగాన్ని దాచి పంపడం) అక్కర్లేదు.

మొదటి రెండింటి మీద సమయం వృథా చెయ్యక్కర్లేదు. స్నిప్పింగ్ టూల్‌ని స్టార్ట్ మెనూలోంచి తెరిస్తే ఏ కీ నొక్కే పనే లేదు. దీనికోసం కీబోర్డ్ హుక్ (నొక్కే ప్రతి కీనీ ముందే పట్టుకునే కోడ్) పెడితే యాంటీవైరస్ మీ యాప్‌నే కీలాగర్ (నొక్కిన కీలన్నీ దొంగతనంగా రాసుకునే ప్రోగ్రామ్) అని అనుమానించొచ్చు. పోనీ స్క్రీన్‌షాట్ చేరే క్లిప్‌బోర్డ్‌ని పదేపదే ఖాళీ చేస్తే యూజర్ వేరే పని కోసం కాపీ చేసుకున్నదీ పోతుంది. ఇక రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ని పట్టుకోడానికి ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) పేర్ల జాబితా అంటారా, రికార్డర్ ఫైల్ పేరు మారిస్తే దాని పని అయిపోయింది.

మూడోదానిలో మాత్రం విషయం ఉంది. ఆ ఫంక్షన్ విండోస్ 7 నుంచీ ఉంది. విలువ 1 ఇస్తే క్యాప్చర్‌లో మీ విండో నల్లగా వస్తుంది. విండోస్ 10 వెర్షన్ 2004 నుంచి 17 కూడా ఇవ్వొచ్చు (హెక్స్‌లో రాస్తే 11). అప్పుడు విండో పూర్తిగా మాయమై దాని వెనకున్నది కనిపిస్తుంది. పాత వెర్షన్లలో 17 ఇచ్చినా నల్లగానే వస్తుంది. ఒక మెషీన్‌లో నలుపు, ఇంకోదాంట్లో మాయం ఎందుకని తల పట్టుకునేవాళ్లకి జవాబు ఇదే.

ఇది పనిచేసేది మీ ప్రాసెస్‌కి చెందిన టాప్ లెవెల్ విండోల మీద, అదీ ఒక్కోదానికి విడిగా. కాంబో బాక్స్ నొక్కినప్పుడు కిందకి తెరుచుకునే జాబితా వేరే విండో. టూల్‌టిప్ వేరే విండో. మెయిన్ విండో నల్లగా పడి, దాని మీద ఖాతాదారుల పేర్ల జాబితా మాత్రం అక్షరం పొల్లుపోకుండా వచ్చిన స్క్రీన్‌షాట్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. "ఒక్క లైన్" అన్నది అక్కడే తేలిపోయింది.

పోనీ అన్నిటికీ పెట్టారనుకుందాం. బయటి ప్రాసెస్ ఈ విలువని మార్చలేదు, నిజమే. కానీ అదే యూజర్ మీ ప్రాసెస్‌లోకి ఒక డీఎల్ఎల్ (కోడ్ ఉన్న విండోస్ ఫైల్) ఎక్కించి, అదే ఫంక్షన్‌ని 0తో పిలిస్తే రక్షణ ఊడిపోతుంది. యాప్‌ని వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్‌లో) నడిపితే లోపల పెట్టిన ఫ్లాగ్ (విండోకి ఇచ్చిన ఆ విలువ) సంగతి బయటి హోస్ట్‌కి తెలియనే తెలియదు. మానిటర్ కేబుల్‌లోంచి బొమ్మని రికార్డ్ చేసే హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డునీ ఇది ఆపదు, ఎందుకంటే కేబుల్‌లో వెళ్లే సిగ్నల్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే హెచ్‌డీసీపీకీ దీనికీ సంబంధం లేదు. సినిమా యాప్‌ల హార్డ్‌వేర్ డీఆర్ఎంలో (కాపీ రక్షణలో) డీక్రిప్ట్ అయిన ఫ్రేములు రక్షిత మెమరీలోనే ఉంటాయి. మీ ఫారంలోని అక్షరాలు మామూలు మెమరీలో గీసినవి. పైగా ఇది భద్రతా ఫీచర్ కాదు, హామీ లేదు అని మైక్రోసాఫ్ట్ తన డాక్యుమెంటేషన్‌లోనే రాసింది. ఉదాహరణగా స్క్రీన్‌ని ఫొటో తియ్యడాన్నే చూపించింది. ఫార్వర్డ్ చేసేముందు ఆ ఒక్క పేజీ చదివితే ఏం పోయింది?

నాలుగోది సగం తప్పు, సగం పాతబడింది. ఎలక్ట్రాన్‌లో ఇదే పని చేసే సెట్‌కంటెంట్‌ప్రొటెక్షన్ లైనక్స్‌కి లేనే లేదు. లైనక్స్‌లో స్క్రీన్ మీద విండోలు చూపించే ఎక్స్11లో ఏ ప్రోగ్రామైనా స్క్రీన్ మొత్తం చదవగలదు. మాక్‌లో అది విండో షేరింగ్‌టైప్‌ని నన్ అని, అంటే ఎవరికీ చూపొద్దని, పెడుతుంది. మాక్ఓఎస్ 15 తరంలో యాపిల్ క్యాప్చర్ వ్యవస్థ స్క్రీన్‌క్యాప్చర్‌కిట్ దాన్ని లెక్కచెయ్యడం మానేసింది.

ఐదోదాన్ని మాత్రం వదలకూడదు. మాస్కింగ్ తీసేస్తే పూర్తి ఖాతా నంబర్, రోగి వివరాలు ప్రతి ఉద్యోగి మెషీన్‌కీ చేరతాయి. అవి స్క్రీన్ మీదే కాదు, నెట్‌వర్క్ రెస్పాన్స్‌లో, మెమరీ డంప్‌లో (మెమరీని యథాతథంగా దించిన ఫైల్లో), లాగ్ ఫైల్లో కూడా ఉంటాయి. స్క్రీన్‌షాటే తీసుకోనక్కర్లేదు! సర్వర్ నుంచి చివరి 4 అంకెలే పంపండి. పూర్తి నంబర్ కావాలంటే విడిగా అడగనివ్వండి, ఎవరు ఎప్పుడు అడిగారో సర్వర్‌లో రాసుకోండి. వాటర్‌మార్క్‌లో యూజర్ ఐడీ, సమయం ఉండాలి. అది మూలన కాదు, పేజీ అంతా ఏటవాలుగా పరుచుకోవాలి, కత్తిరించినా ఎక్కడో ఒక ముక్క మిగలాలి. పీడీఎఫ్, బొమ్మలైతే సర్వర్‌లోనే ముద్రించి పంపండి. యాప్ మీద పరిచిన పారదర్శక పొరని తీసెయ్యడం కష్టం కాదు. ఫోన్‌తో తీసిన ఫొటో బయటికి పొక్కినప్పుడు ఎవరి స్క్రీన్ అన్నది తేల్చగలిగేది ఈ వాటర్‌మార్కే. ఆ మెసేజ్ తీసెయ్యమంటున్నదీ దాన్నే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. కావాలని దొంగిలించేవాణ్ణి ఆపకపోయినా, పొరపాట్లని ఈ ఫ్లాగ్ బాగా ఆపుతుంది. మీటింగ్‌లో స్క్రీన్ మొత్తం షేర్ చేసినప్పుడు పాస్‌వర్డ్ మేనేజర్ కనబడకుండా పోతుంది. స్క్రీన్‌ని మాటిమాటికీ బొమ్మ తీసి దాచే విండోస్ రీకాల్ స్నాప్‌షాట్లలోనూ పడదు. 2025 మేలో మెసేజింగ్ యాప్ సిగ్నల్ తన విండోస్ 11 యాప్‌లో దీన్ని డిఫాల్ట్‌గా ఆన్ చేసింది అందుకే. అయితే మాగ్నిఫయర్, స్క్రీన్ రీడర్ లాంటి వాటికి ఇబ్బంది రావచ్చని ఆపేసే సెట్టింగ్ కూడా ఇచ్చింది. మీరూ ఆ స్విచ్ పెట్టండి, ఫంక్షన్ తిరిగిచ్చే విలువ చూసి విఫలమైతే లాగ్‌లో రాయండి, కొత్త విండో తెరిచిన ప్రతిసారీ మళ్లీ పిలవండి.