సైకిల్ కొనే ముందు వేలు పెట్టి చూడండి

"వీపు మీద ఆ గీత ఏంది?" అని మా ఆవిడ అడిగితే నాకు మొదట అర్థం కాలేదు. చొక్కా విప్పి చూసుకుంటే నడుము దగ్గర మొదలై మెడ దాకా బురద చుక్కలు. ఎవరో కుంచె ముంచి విదిలించినట్టు ఉంది. పొద్దున్నే ఇస్త్రీ చేసి వేసుకున్న లేత నీలం చొక్కా అది.

ఆ సాయంత్రం నా మీద ఒక్క చినుకు కూడా పడలేదు. వాన 4 గంటలకే కొట్టి పోయింది. నేను కర్నూల్లో మా ఆఫీసు నుంచి సైకిల్ మీద బయల్దేరింది 5:30కి. రాజ్‌విహార్ దాటి, బళ్లారి చౌరస్తా దాటి కల్లూరు చేరేలోపు ఎండ కూడా వచ్చింది. కానీ రోడ్డు తడిగానే ఉంది కదా. దాని మీది నీళ్లు, ఆ నీళ్లలో కలిసిన మురిక్కాలవ, ఆ మురిక్కాలవలో కలిసిన గేదెల పేడ, అన్నిటినీ నా వెనక చక్రం ఎత్తి నా వీపుకు అందించింది. వానలో తడిస్తే మంచినీళ్లు, చొక్కా ఆరేసుకుంటే సరిపోతుంది. వాన నిలిచాక తడిస్తే సర్ఫ్‌లో నానబెట్టినా పోదు.

సైకిల్ ఉగాదికి కొన్నాను. కొనేటప్పుడే అడిగాను, మడ్గార్డులు ఏవి అని. షాపు అబ్బాయి నన్ను కింది నుంచి పైదాకా చూసి, "సార్, ఇది ఎంటీబీ, కొండలెక్కే సైకిల్. దీనికి మడ్గార్డు రాదు. వేస్తే లుక్ పోతుంది" అన్నాడు. మా తాత సైకిలుకు రెండు చక్రాలకూ ఉండేవి కదా అంటే నవ్వాడు. "అది పాలోళ్ల సైకిల్ సార్!"

ఆ మాట ఇంకా మండుతోంది నాకు. పాలోళ్ల సైకిలట. పాలోడు రెండు పక్కలా క్యాన్లు తగిలించుకుని, తెల్లారకముందే జోరు వానలో ఇరవై వీధులు తిరిగి, పంచెకు మచ్చ లేకుండా మన గడప ముందు నిలబడేవాడు. మనం 14 వేలు పోసి కొన్న బండి మీద 5 కిలోమీటర్లు పోయి దున్నపోతులా ఇంటికొస్తున్నాం. ఇందులో ఎవరి సైకిల్ గొప్పదో మీరే చెప్పండి.

నేను వదలకపోయేసరికి ఆ అబ్బాయి లోపలికి పోయి, సీటు గొట్టానికి బిగించే ప్లాస్టిక్ తోక ఒకటి తెచ్చి ఫ్రీగా వేశాడు. బాతు తోకలా పైకి లేచి ఉంటుంది. టైరుకూ దానికీ మధ్య జానెడు ఖాళీ. ముందు చక్రానికి నాలుక లాంటి ముక్క ఇంకోటి. ఈ రెండూ ఫోటోలకు బాగుంటాయి. నీళ్లు ఎటు పోతాయో ఒక్కసారి ఆలోచిస్తే వీటి పనితనం తెలిసిపోతుంది. కవ్వం చిలికితే మజ్జిగ ఎగిరినట్టు, తిరిగే టైరు నుంచి చుక్క ఎక్కడ వదిలితే అక్కడి నుంచి తిన్నగా పోతుంది. తిరిగేటప్పుడు వెనక చక్రం వెనక అంచు పైకి లేస్తుంది కాబట్టి అక్కడ వదిలిన చుక్కలు వీపుకొస్తాయి. ఇది అందరికీ తెలుసు. చాలామంది మర్చిపోయేది ముందు చక్రాన్ని. అది నేలను దాటగానే వెనక్కి చిమ్మే నీళ్లన్నీ మన చెప్పుల మీదికి, పెడళ్ల ఇరుసు మీదికి, చైను మీదికి వస్తాయి. చైనుకు వేసిన నూనెను ఇసుక నీళ్లు కడిగేసి, ఆ ఇసుకే అందులో కూర్చుని ఆకురాయిలా అరగదీస్తుంది. ముందు చక్రం పైభాగంలో వదిలిన చుక్కలు ముందుకు ఎగురుతాయి. మనం తొక్కుకుంటూ పోయి వాటికి మొహం అడ్డం పెడతాం. కాబట్టి చక్రాన్ని చుట్టుకుని ఉండని మడ్గార్డు మడ్గార్డే కాదు. ముఖ్యంగా ముందుది నేలకు బెత్తెడు ఎత్తు దాకా దిగాలి, చివర రబ్బరు ముక్క వేలాడాలి. ఆ రబ్బరు ముక్క ఒక్కటే సగం పని చేస్తుంది.

"మన కర్నూల్లో వానలెక్కడివి బాసూ?" అని ఆఫీసులో ఒకాయన అంటాడు. నిజమే, ఏడాది సగటు 700 మిల్లీమీటర్లు కూడా ఉండదు మనకు. మన జిల్లాలో వాన పడిందంటే తుగ్గలి, జొన్నగిరి వైపు జనం పనులు మానుకుని చేలల్లో వజ్రాలు వెతుక్కోవడానికి పోతారు. అంత అపురూపం వాన మనకు. కానీ రోడ్డు మీద నీళ్లకు వానే కావాలా? కొళాయిలు వదిలిన పూట చూడండి, సందుల్లో ఎన్ని పైపులు పగిలి పారుతుంటాయో. ట్యాంకర్ పోయిన దారంతా తడే. వాకిళ్లు కడిగిన నీళ్లు పొద్దున 7 గంటలకు రోడ్డెక్కుతాయి. బేతంచెర్లలో మా బావమరిది ఉన్నాడు. అక్కడ నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే బూడిదరంగు పిండినీళ్లు ప్యాంటు మీద పడి ఆరితే సిమెంటు పూసినట్టే. వానలు లేని ఊళ్లో ఇంకో తంటా కూడా ఉంది. నెలల తరబడి పేరుకున్న దుమ్ము, నూనె, చెత్త అంతా మొదటి వానకే ఒక్కసారి కదులుతుంది. రోజూ వాన పడే ఊళ్లో రోడ్డు ఎప్పటికప్పుడు కడుక్కుపోతుంది. మనది ఆర్నెల్ల ముర్రుపాలు.

సరే, మడ్గార్డులంటే నాకు మోజు అని అనుకునేరు. వద్దనేవాళ్ల వాదనలో నేను ఒప్పుకునేది ఒకటుంది. అది మా తాత దగ్గరే చూశాను.

ఆయనది ఆలూరు దగ్గర పల్లె. నల్లరేగడి. 28 అంగుళాల నల్ల సైకిలు, ఇనుప మడ్గార్డులు, వెనకదాని చివర తెల్ల పెయింటు, దాని మీద ఎర్ర అక్షరాల్లో ఇంటిపేరు. తొలకరి మొదలైతే ఆయన రెండు మడ్గార్డులూ ఊడదీసి అటకెక్కించేవాడు. సంక్రాంతికి మళ్లీ బిగించేవాడు. చిన్నప్పుడు నాకు ఇది తిక్కపనిలా ఉండేది, వానాకాలంలోనే కదా కావాల్సింది అని. ఓసారి పక్కింటాయన మడ్గార్డులున్న సైకిలేసుకుని చేనుదారిలో పోతే తెలిసింది. రేగడి టైరుకు పట్టుకుంటుంది, దాని మీద ఇంకో పొర, మడ్గార్డు కింద దూరి గట్టిగా ఇరుక్కుంటుంది. పది గజాలు పోయేసరికి చక్రం తిరగదు. ఆయన పుల్ల పెట్టి పొడుచుకుంటూ కాసేపు, భుజానేసుకుని కాసేపు ఇల్లు చేరాడు. పేరుకు అది మడ్‌గార్డు, అసలైన మడ్డి ఎదురైతే మాత్రం అదే బ్రేకు.

అదే సైకిలు తాతతో పాటు పాతబస్తీ ఇంటికొచ్చింది. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డప్పుడు మా ఇంటి మెట్ల కింద మునిగిపోయింది. నీళ్లు తీశాక చూస్తే మడ్గార్డుల లోపల ఒండ్రు ఇటుకలా గట్టిపడి ఉంది. అప్పుడు స్క్రూడ్రైవర్‌తో గంటసేపు తవ్వి ఆ చక్రాలు తిప్పించిన మెకానిక్ భాయ్ దగ్గరికే ఇప్పుడు నా కొత్త సైకిలు పోయింది. నేరుగా పోలేదు లెండి. మధ్యలో ఇంకో తెలివైన పని చేశాను.

ఆన్‌లైన్‌లో ఫుల్ మడ్గార్డులు తెప్పించి, ఇంటి దగ్గర మెకానిక్‌తో బిగించాను. నా బండి ముందు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే కాళ్లు, స్ప్రింగుది. ఆయన మడ్గార్డు పైభాగాన్ని ఫోర్కు నెత్తి వెనక ఉండే రంధ్రానికి బోల్టు వేశాడు. మడ్గార్డును పట్టుకునే సన్న కడ్డీలను కింద కాళ్లకు బిగించాడు. చూడ్డానికి కొత్త పెళ్లికొడుకులా ఉంది. మొదటి స్పీడ్‌బ్రేకర్ దగ్గర స్ప్రింగు అణిగింది. చక్రం, దానితోపాటు కడ్డీలు పైకి లేచాయి, మడ్గార్డు నెత్తి మాత్రం అక్కడే ఉంది. టైరు వెళ్లి దాన్ని గుద్దింది, ప్లాస్టిక్ ఫట్‌మని మధ్యలో చీలింది. నేను కింద పడకపోవడం మా అమ్మ పూజల పుణ్యం.

భాయ్ దాన్ని చూసి, "ఎవురు బిగిచ్చినారు సార్ ఇది? ఆ చేతులకు దండం పెట్టల్ల" అన్నాడు. స్ప్రింగు ఫోర్కులో చక్రంతోపాటు కదిలేది కింది భాగం. మడ్గార్డు మొత్తం ఆ కింది భాగానికే పట్టుకోవాలి, పైదాన్ని ముట్టుకోకూడదు. కింది రెండు కాళ్లనూ కలుపుతూ టైరు మీద చిన్న కమాను ఉంటుంది కదా, భాయ్ కొత్త మడ్గార్డును దాని కింద కట్టాడు. కాళ్లకు కడ్డీలు తగిలించే రంధ్రాలు లేవు. లోపల రబ్బరు ఉన్న ఇనుప క్లిప్పులు చుట్టి వాటికి బోల్టులేశాడు. అలా చెప్తే సులువుగా ఉంది గానీ, అసలు కమాను కింద మడ్గార్డు దూరేంత ఖాళీయే లేదు. అప్పుడు భాయ్ టైరు పక్కన అంకె చూపించాడు. 27.5 ఇంటూ 2.10, అంగుళాల్లో. అంటే 53 మిల్లీమీటర్ల వెడల్పు. "కర్నూల్ల ఏం కొండలెక్కుతావ్ సార్ దీంతోని?" 1.75 టైర్లు వేశాడు. టైరు వెడల్పు ఎంత తగ్గితే ఎత్తు కూడా దాదాపు అంతే తగ్గుతుంది. 8 మిల్లీమీటర్లు కలిసొచ్చాయి. మడ్గార్డు టైరు కంటే ఓ 10 మిల్లీమీటర్లు వెడల్పుండాలి, 5 అటు, 5 ఇటు. అందుకని 55ది తీసుకున్నాం. మొదట నేను తెప్పించింది 45ది. టైరు కన్నా మడ్గార్డే సన్నం. వివరాలు చదవకుండా ఆర్డర్ పెట్టినందుకు తిట్టుకోవాల్సింది నన్నే.

ఒకటి మాత్రం భాయ్ దగ్గర కూర్చుని చూస్తేనే అర్థమైంది. ఆయన ఏ బోల్టునూ మొదట గట్టిగా బిగించలేదు. అన్నీ వదులుగా పెట్టి, చక్రం తిప్పుతూ, టైరుకూ మడ్గార్డుకూ మధ్య ఖాళీ చుట్టూ ఒకేలా వచ్చేదాకా కడ్డీలు జరుపుతూ పోయాడు. వెనక బ్రేకు డిస్కుది, ఆ డిస్కును నొక్కిపట్టే కాలిపర్ కడ్డీకి అడ్డమొచ్చింది. పొడుగు బోల్టు, నాలుగు వాచర్లు వేసి కడ్డీని బయటికి జరిపాడు. "గుంజి బిగిస్తే ఆర్నెల్లకు ఆడ్నే ఇరుగుతాది" అన్నాడు. ఫ్రేముకు తగిలే చోట పాత ట్యూబు ముక్క కోసి మధ్యలో పెట్టాడు, గలగలమనకుండా. చివరికి మిగిలిన కడ్డీని హ్యాక్సా బ్లేడుతో కోసి, ఆకురాయితో రుద్ది, టోపీలు తొడిగాడు. చిన్నపిల్లల మోకాళ్లు ఆ ఎత్తులోనే ఉంటాయి మరి.

ముందు మడ్గార్డు విషయంలో దయచేసి కక్కుర్తి పడకండి. కంపచెట్ల పుల్ల ఒకటి ఎగిరి టైరుకూ మడ్గార్డుకూ మధ్య ఇరుక్కుంటే, టైరు దాన్ని లాక్కుపోతుంది, మడ్గార్డు ముడుచుకుని చక్రాన్ని పట్టేస్తుంది. మనం హ్యాండిల్ మీదుగా ముందుకు పోతాం. దీనికోసమే మంచి సెట్లలో ముందు కడ్డీలకు లాగితే ఊడిపోయే ప్లాస్టిక్ క్లిప్పులు ఇస్తారు. కొందరు మెకానిక్‌లు "ఇది లూజుగా ఉంది సార్" అని వాటిని తీసేసి ఇనుప బోల్టు వేస్తారు. వేయనివ్వద్దు. అది ఊడడానికే ఉంది.

బరువు గురించి అడిగేవాళ్లకు జవాబు: రెండూ కలిపి అర కిలో పైచిలుకు. నా పొట్టతో పోలిస్తే ఎంత?

నా కోపం అసలు ఎక్కడంటే, టైర్లకు, క్లిప్పులకు, చీలిపోయిన మొదటి సెట్టుకు, భాయ్ కూలికి కలిపి నాకు దాదాపు 3 వేలైంది. మా తాత సైకిలుకు ఇవన్నీ షాపులోనే బిగించి ఇచ్చారు. ఫ్రేములో రెండు రంధ్రాలు ఎక్కువ పెట్టడానికి, కాస్త ఖాళీ వదలడానికి కంపెనీకి ఏం ఖర్చవుతుంది? లేనిదాన్ని స్టైల్ అని పేరు పెట్టి అమ్ముతున్నారు, మనం కొంటున్నాం. అందుకే కొనేముందు చూడండి. టైరుకూ ఫోర్కుకూ మధ్య, టైరుకూ సీటు కింది అడ్డపట్టీకీ మధ్య చిటికెన వేలు దూరాలి. టౌన్లో తిరగడానికి అది చాలు. ఆలూరు, ఆదోని, పత్తికొండ వైపు రేగడి దారుల్లో తిరిగేవాళ్లకు బొటనవేలు దూరినా చాలదు, తాత చేసినట్టు వానాకాలం ఊడదీయడమే. ఇరుసు దగ్గర కడ్డీలకు రంధ్రాలు ఉన్నాయో లేదో వంగి చూడండి. షాపు అబ్బాయి నవ్వుతాడు. నవ్వనీండి. ప్రతిదాంట్లో వేలు పెడతానని నన్ను ఇంట్లో ఎట్లాగూ అంటూనే ఉంటారు.

ఆదివారాలు ఓర్వకల్లు వైపు గుంపుగా పోయే కుర్రాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. మడ్గార్డు లేనివాళ్లు గుంపు చివర తొక్కండి. పోయిన వారం మీ వెనకాల వచ్చి, మీ చక్రం నీళ్లు నోట్లోకి పోయి ఉమ్మిన నీలం హెల్మెట్ అంకుల్‌ని నేనే.

నిన్న మళ్లీ వాన పడింది. చొక్కా శుభ్రం, చెప్పులు శుభ్రం. అయితే కల్లూరు మలుపు దగ్గర నుంచి ముందు ఎడమ వైపు ఏదో టకటకమంటోంది. ట్యూబు ముక్క జారిందో, వాచర్ అరిగిందో. భాయ్ శుక్రవారం మధ్యాహ్నం షాపు తీయడు, శనివారం పోవాలి.