సండూరు ఇనుము ఎవరికి అన్నం పెట్టాలి?

బెంగళూరు మారతహళ్ళిలో ఒక తెలుగు ఇల్లు. సండూరు ఉన్న బళ్ళారి జిల్లా ఇనుప గనుల్లో ఇంజనీరుగా చేసి రిటైరైన చిన్నాయన ఒకవైపు, ఇక్కడే ఉద్యోగం చేస్తున్న అన్న కూతురు ఇంకోవైపు.

చిన్నాయన: సుప్రీంకోర్టు 2022లో బళ్ళారి ఇనుప ఖనిజం తవ్వకం పరిమితిని ఏడాదికి 2.8 కోట్ల టన్నుల నుంచి 3.5 కోట్లకు పెంచింది. నన్నడిగితే అదీ తక్కువే. బోట్స్‌వానా చూడమ్మా. 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి కటిక పేద దేశం. మరుసటేడే వజ్రాలు దొరికాయి. బడులు, రోడ్లు ఆ డబ్బుతోనే వచ్చాయి.

అమ్మాయి: అక్కడ వజ్రాల కంపెనీలో ప్రభుత్వానికి మొదట ఉన్నది 15 శాతమే చిన్నాయనా. బేరమాడి సగానికి తెచ్చుకున్నారు. ఆ బేరం సంగతి చెప్పవేం? కాంగోలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ కోబాల్ట్ తవ్వుతున్నారు, జనం ఇంకా పేదరికంలోనే ఉన్నారు. మన దగ్గర చైనాలో రేటు పెరగ్గానే పర్మిట్లు లేని ఖనిజం లారీలకెక్కి కర్ణాటక తీరంలోని బేలెకేరి రేవు దాటిపోయింది. 2011లో లోకాయుక్త సంతోష్ హెగ్డే నివేదిక నిండా అదే కదా.

చిన్నాయన: దొంగలు తవ్వారు, కాదనను. కానీ ఆ జులైలో కోర్టు ఆపమనగానే సక్రమమైన గనులు కూడా మూతపడ్డాయి. అప్పుచేసి లారీ కొన్నవాడు కంతులు కట్టలేకపోయాడు. గని కూలీకి పని పోయింది. 2012, 2013లో కోర్టు మళ్ళీ అనుమతులు ఇచ్చేదాకా వాళ్ళ ఇళ్ళు ఎలా గడిచాయో బెంగళూరులో కూర్చుంటే తెలీదు.

అమ్మాయి: వాళ్ళ కష్టం నిజం. దానికి కారణం ఆపినవాళ్ళా, ఆపక తప్పని దాకా తవ్వినవాళ్ళా?

(ఇది రాస్తున్న నాకైతే ఈ ప్రశ్నకు ఒక్కటే జవాబు తోస్తుంది: తవ్వినవాళ్ళే.)

చిన్నాయన: సరే, ఇండోనేషియా దారి పడదాం. 2020లో ముడి నికెల్ ఎగుమతి ఆపేసింది, ఫ్యాక్టరీలే అక్కడికి నడిచొచ్చాయి. మన బళ్ళారి జిల్లా తోరణగల్లులోనూ ఉక్కు తయారవుతోంది.

అమ్మాయి: ముడిరాయి అమ్మడం కన్నా అది నయమే. కానీ అక్కడ ఆ కొలుములకు కరెంటు ఎక్కువగా బొగ్గుతోనే, పోయింది అడవి. ఇక ఎర్రదుమ్ము మింగే ఊరికి ఏం దక్కుతోంది? 2015లో గనుల చట్టం సవరణతో, గనుల వల్ల నష్టపోయే ఊళ్ళ కోసం జిల్లా ఖనిజ నిధి వచ్చింది. పాత లీజులవాళ్ళు ప్రభుత్వానికి కట్టే రాయల్టీ మీద ఇంకో 30 శాతం ఆ నిధికి కడతారు, వేలంలో పాడుకున్నవాళ్ళు 10 శాతమే.

చిన్నాయన: వేలంవాళ్ళు పాడిన పాట ప్రకారం రాష్ట్రానికి ప్రీమియం వేరే కడుతున్నారు కదా.

అమ్మాయి: రాష్ట్రానికి! దుమ్ము ఊరికి, ప్రీమియం ఖజానాకా? ఆ 10ని 30 చెయ్యమను, ఖర్చు లెక్క గ్రామసభలో చదవమను. టన్నులు పెంచే మాట ఆ తర్వాత.

చిన్నాయన: 30 చెయ్యమంటే నేనూ సంతకం పెడతాను. కానీ అందాకా గని ఆపమంటే మాత్రం ఒప్పుకోను.