నా ‘పర్లేదు’ వెనక ఏముందో ఒకరు అడిగారు

"మాట్లాడితే జబ్బులు తగ్గుతాయా? ఆ డబ్బులేవో మాకిచ్చి మాతోనే మాట్లాడు" అన్నాడొకాయన, నేను కౌన్సెలింగ్‌కి వెళ్తున్నానని తెలిసి, మొన్న తార్నాకలో చుట్టాలింట్లో. పెద్దవాళ్లున్నారని అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ చెప్తాను.

ఏడాదిన్నరగా ప్రతి గురువారం నారాయణగూడలో మెట్రో దిగి కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాను. నాకో పాత అలవాటుంది. ఎవరు బాధపెట్టినా "పర్లేదు" అంటాను. తర్వాత ఫోన్ ఎత్తను. మెల్లగా ఆ మనిషినే వదిలేస్తాను. ప్రాణస్నేహితులిద్దరిని అలాగే పోగొట్టుకున్నాను. చిన్నప్పుడు నేను కోపం చూపిస్తే నాన్న రెండ్రోజులు మాట్లాడేవారు కాదు, అక్కడ మొదలైంది ఇదంతా. ఆ సంగతి నాకెప్పుడో తెలుసు. తెలిసినా మారలేదు.

ఒక గురువారం వానలో తడిసి వెళ్తే తలుపుకి తాళం. కౌన్సెలర్ మేడమ్ మర్చిపోయారు. ఆవిడ సారీ చెప్తే నేను "పర్లేదు" అన్నాను. ఆ తర్వాత రెండు వారాలు పనుందని మెసేజ్ పెట్టి మానేశాను. మళ్లీ వెళ్లినప్పుడు ఆవిడే అడిగారు: "పర్లేదన్నారు గానీ, నా మీద కోపంగా ఉందా?"

ఏడుపొచ్చేసింది. "అంత వానలో వచ్చాను మేడమ్, మీరు నన్ను మర్చిపోయారు" అన్నాను. "అవును, తప్పు నాదే. కోపం రావాల్సిందే" అన్నారు. సమర్థించుకోలేదు, ముఖం తిప్పుకోలేదు. తర్వాతి గురువారం మామూలుగానే తలుపు తీశారు. కోపం చూపించాక కూడా మనిషి మిగలడం నాకదే మొదటిసారి.

పాత బంధాల భయాల్ని థెరపిస్టు మీదికి కూడా తెచ్చుకుంటామని ఫ్రాయిడ్ ఎప్పుడో గమనించాడు. గాయం ఎక్కడిదో తెలిస్తే చాలదు, ఈసారి దానికి వేరే జవాబు అనుభవంలోకి రావాలని 1946లో ఫ్రాంజ్ అలెగ్జాండర్ అనే మానసిక విశ్లేషకుడు అన్నాడు. 1980ల నుంచి సైకాలజిస్టు స్టీఫెన్ మిచెల్ లాంటివాళ్లు రిలేషనల్ పద్ధతిని పెంచారు. అందులో థెరపిస్టు పక్కన నిలబడి చూసే మనిషి కాదు, ఆ బంధంలో తనూ ఒకరు. తన పొరపాటు కూడా మాట్లాడుకోవాల్సిన విషయమే.

ఇంట్లోవాళ్లతో ఇది ఎందుకు కుదరదంటే, అమ్మ మీద కోపమొచ్చిందని అమ్మకే చెప్తే ఆవిడ ఏడుస్తుంది, చివరికి ఓదార్చేది నేనే. ప్రేమ లేక కాదు.

డబ్బు మాట మాత్రం నిజం. వారం వారం ఫీజు అందరూ కట్టలేరు, అది నాకూ బాధే. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, 14416కి, ఫోన్ చేసి తెలుగులో ఉచితంగా మాట్లాడొచ్చు. తట్టుకోలేని రాత్రి తప్పకుండా చేయండి. కానీ నెలల తరబడి అదే మనిషి ఎదురుగా కూర్చోవడం వేరు. అది పేదవాళ్లకీ దొరకాలి.

పోయిన నెల అక్కకి ఫోన్ చేసి, "అక్కా, ఆ రోజు అందరి ముందూ అలా అన్నావు, నాకు చాలా బాధేసింది" అన్నాను. చేతులు వణికాయి. అవతల చప్పుడు లేదు. కాసేపటికి, "అనకుండా ఉండాల్సింది రా" అంది. ఆ వెంటనే, "అన్నం తిన్నావా?"